వైద్యునికిని రోగికిని నడుమ

వైద్యశాల యనగానే మన యిండ్లలో ఇరువురే స్ఫురింతురు. ఒకరు డాక్టరుగారు, రెండవవారు నర్సమ్మగారు. మా తాతగారి తరమువారికి కాంపౌండరుగారు గూడ స్ఫురించెడివారు. గాజుసీసాలో ఎఱ్ఱని మిక్శ్చరు పోసి, ఒక్కొక్క మోతాదు ఎంతవఱకో తెలియుటకై గంట్లు కత్తిరించిన కాగితపు పట్టీని ఆ సీసాకు అంటించి యిచ్చుట ఆయన పని. ఆ సీసాలు పోయినవి. ఆ పట్టీలును పోయినవి. కాని కాంపౌండరుగారి బల్లయొద్ద మొదలైన పనులును, ఆనాడు ఊహకైన రాని పనులును నేడు పదుల సంఖ్యలో వేఱువేఱు విద్యలై వైద్యశాల నిండ వ్యాపించియున్నవి. వానిని నేర్పుటకు కళాశాలలు కలవు, పరీక్షలు కలవు, 2021 నుండి ఒక చట్టము గూడ కలదు. ఇన్ని యుండియు వాని పేరులు మన తెలుగు పాఠశాలల పిల్లలకు తెలియవు. వారి తల్లిదండ్రులకు అంతకన్నను తెలియవు.

ప్రతి సంవత్సరమును పదవ తరగతి పిల్లలను "మీరేమి కాదలచితిరి?" అని మేము అడుగుచుందుము. జీవశాస్త్రమనిన ప్రీతిగల బాలబాలికలు తడవుకొనక "డాక్టరు" అందురు. ఆ కోరిక మంచిదే. కాని రెండేండ్ల పిమ్మట నీట్ పరీక్షలో చాలినన్ని మార్కులు రానిచో, ఆ పిల్లలే తల వంచుకొని బజారులో ఎదురుపడుదురు. ఒకడు అంగడిలో లెక్కలు వ్రాయుచుండును. ఒక బాలికకు పెండ్లిచూపులు జరుగుచుండును. అంగడి పనిని మేము తక్కువ చేయుట లేదు. మా బాధ యేమనగా, వారికి వేఱు త్రోవ యొకటి యున్నదని యెవ్వరును చెప్పలేదు. అది ఓడినవారికై విడిచిన సందుదారియు కాదు. మొదటనే కోరి పోదగిన రాజమార్గము. ఈ మాట మేము పుస్తకములు చదివి చెప్పుచున్నది కాదు. రెండేండ్లు ఆసుపత్రి వసారాలో కూర్చుండి చూచి చెప్పుచున్నాము.

మా మేనత్తగారిది ఉద్దానము. గంజాం జిల్లావారికి ఆ పేరు క్రొత్త కాదు. సరిహద్దు దాటినచో అదే గదా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములు, కొబ్బరితోటలు, జీడితోటలు. ఆ చల్లని నేలపైనే ఎందఱకో మూత్రపిండములు చెడిపోవుచున్నవి. కారణమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. మా మేనత్తగారు మాత్రము, మా యింట నుండుటకు అనువగునని, బరంపురములోనే ఒక ఆసుపత్రిలో డయాలిసిసు చేయించుకొనుచున్నారు. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు. తోడు పోవుట మా వంతు.

మొదటి వారము మాకు భయమే. రెండవ వారమున విసుగు. పిమ్మట చూచుట నేర్చుకొంటిమి. డాక్టరుగారు వచ్చి, చీటి చదివి, రెండు మాటలు చెప్పి వెళ్ళుదురు. ఆ నాలుగు గంటలును మేనత్తగారి ప్రాణము ఎవరి చేతిలో నుండెనో అప్పుడు మాకు తెలిసినది. నీలిరంగు దుస్తులు ధరించిన ఒక యువతి. వయస్సు ఇరువదియైదు దాటదు. ఆమె పని పేరు డయాలిసిసు టెక్నీషియన్.

ఆమె చేయు పనిని కొంచెము వివరముగా చెప్పెదము, ఏలయన "మీట నొక్కుటయే గదా" యని తలచువారు పెక్కుమంది కలరు. రోగి చేతిలో ఒక ధమనిని సిరతో కలిపి శస్త్రవైద్యులు ముందుగనే ఫిస్టులా యను దానిని ఏర్పఱచియుందురు. ఆమె మొదట దానిపై తన అఱచేతినుంచి చూచును. తేనెతుట్టెపై చేయి పెట్టినట్లు లోపల సన్నని అదురు తెలియవలెను. అదురు లేనిచో సూది గ్రుచ్చరాదు. వెంటనే డాక్టరుగారికి కబురు పోవలెను. అదురున్నచో రెండు లావుపాటి సూదులు గ్రుచ్చును. ఒక సూది నుండి రక్తము వెలికి వచ్చి, వెండ్రుకలవంటి వేలకొలది బోలుపోగులు గల గొట్టము గుండ నడచి, రెండవ సూది మార్గమున మరల శరీరమును చేరును. పోగుల లోపల రక్తము. వెలుపల లవణములు కలిపిన శుద్ధజలము. నడుమ పలుచని పొర. యూరియా మొదలగు మలినములు పొర దాటి నీటిలోనికి జారును. రక్తకణములు పెద్దవి గావున దాటలేవు. మనము తొమ్మిదవ తరగతిలో పొరల గుండ పదార్థములు వ్యాపించు విధమును గూర్చి చదివిన పాఠమే యిది. నిమిషమునకు అర లీటరు చొప్పున ఆ ద్రవము పాఱును గనుక నాలుగు గంటలకు 120 లీటరులగును. లెక్క కట్టి చూడుడు. అంత నీరు రోగి రక్తమునకు ఒక్క పొర చాటున పాఱుచుండగా, పురపాలకసంఘమువారు శుద్ధికై కలుపు క్లోరిన్ సంబంధమైన మందు ఏ కొంచెము మిగిలినను రక్తకణములు పగిలిపోవును. అందుచేత రోగులు రాకముందే నీటిని పరీక్షించుట ఆమె దినచర్యలో మొదటిది.

ఈ యంత్రము చరిత్రను గూడ ఆమెయే మాకు చెప్పినది. 1943లో, యుద్ధము జరుగుచున్న కాలమున, నెదర్లాండ్సు దేశములో విల్లెం కోల్ఫ్ అను వైద్యుడు మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును ఒక పీపాకు చుట్టి మొదటి యంత్రమును నిర్మించెనట. తొలి రోగులలో పెక్కుమంది బ్రదుకలేదు. 1945లో ఒక వృద్ధురాలు బ్రదికి బయటపడినది. ఆయన మానియుండినచో మా మేనత్తగారు నేడు లేరు.

ఇక ఆ యువతిని గూర్చి. ఆమె మన జిల్లాలోనే ఒక తెలుగు పాఠశాలలో పదవ తరగతి వఱకు చదివినది. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. ఈ మూడును ఆమెకెంత పనికి వచ్చినవో ఒకనాడు కన్నులార చూచితిమి.

ఆ దినమున మూడవ గంటలో మేనత్తగారి ముఖము పాలిపోయినది. ఆమె దూరమున మఱియొక మంచముకడ నుండగా, దగ్గఱనున్న సహాయకుడు, మిక్కిలి మంచివాడు, వంగి ఒడియాలో "తల తిరుగుచున్నదా?" అని మెల్లగా అడిగెను. మన ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు: ఒడియాలో తలకు వాడు మాట తెలుగులో ఏ ముసలమ్మనైనను అనరాని మాట. మేనత్తగారు చటాలున ముఖము గోడవైపు త్రిప్పుకొనిరి. ఎన్నిమారులడిగినను ఉలకరు, పలుకరు. అతడు ఆమెకు నిదురపట్టినదనుకొనెను. ఇంతలో ఆ యువతి పరుగున వచ్చి, ముఖము చూచి, "మామ్మా, తల తిరుగుతోందా? కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా?" అని అడిగినది.

"తిరగతంది తల్లీ. గాని ఆ బాబు నన్నంత మాటంటాడేటి?"

నవ్వుటకు అది సమయము కాదు. రక్తపుపోటు పడిపోవుచున్నది. ఆమె మంచము తలవైపు దించి, పాదములవైపు ఎత్తి, యంత్రము నీటిని లాగు వేగమును ఆపి, లవణజలమును ఎక్కించి, డాక్టరుగారిని పిలిపించినది. పది నిమిషములకు మేనత్తగారి పెదవులకు రంగు వచ్చినది. అటుపిమ్మట ఆ మాట యర్థమేమో ఆమె విడమఱచి చెప్పగా మేనత్తగారును, ఆ సహాయకుడును, మేమును, ప్రక్క మంచముల రోగులును కడుపుబ్బ నవ్వితిమి. కాని ఆ యింటికి వచ్చిన రాత్రి మాకు నిదుర పట్టలేదు. ఆ గదిలో తెలుగు తెలిసినవారు లేకున్నచో ఏమగును?

"తెలుగు చదివించిన ఏమి వచ్చును మాస్టారూ?" అని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడినప్పటి నుండియు ఈ ప్రశ్న మన వీధులలో తిరుగుచునే యున్నది. ఆ దినమున ఆ గదిలో మాకు ఒక సమాధానము కనబడినది. సరిహద్దు జిల్లాల ఆసుపత్రులకు తెలుగువారు వత్తురు, ఒడియావారు వత్తురు. యంత్రము భాష ఇంగ్లీషే కావచ్చును. నొప్పి భాష ఇంటి భాషయే.

మఱి ఆ ఆసుపత్రిలోని యితరులను గూడ చూచితిమి. ల్యాబులో రక్తము తీయు అబ్బాయి ఊదారంగు మూత గల గొట్టము, ఎఱుపు మూత గలది, బూడిదరంగు మూత గలది వరుసగా పెట్టుకొనును. రంగులు అందమునకు కావు. ఊదా గొట్టములో రక్తము గడ్డకట్టకుండ ఒక రసాయనము ఉండును. అందులో పొటాషియము కలదు. ఎఱుపు గొట్టములో రక్తము చాలలేదని ఊదాలోని నాలుగు చుక్కలను అందులో పోసినచో, లేని పొటాషియము ఉన్నట్లును, ఉన్న కాల్షియము లేనట్లును లెక్క వచ్చును. మూత్రపిండముల రోగికి పొటాషియము పెరిగినచో గుండె ఆగవచ్చును గనుక డాక్టరుగారు ఆ కాగితమును చూచి లేని జబ్బుకు మందు మొదలుపెట్టుదురు. నాలుగు చుక్కల సోమరితనమునకు ఇంత ఫలము. శిక్షణ యనగా ఇదియే: ఏది చేయవలెనో మాత్రమే కాక, ఏది యెందుకు చేయరాదో తెలియుట.

ఆ ల్యాబు కాగితములో భాస్వరము అను వరుస యొకటి యుండును. మూత్రపిండములు చెడినవారికి రక్తములో భాస్వరము పెరుగును, ఎముకలు పెళుసుబారును. ఆ భాస్వరమును రక్తములోను మూత్రములోను కొలుచు సులభపద్ధతిని 1925లో లోకమునకు ఇచ్చిన ఇరువురిలో ఒకరు మన తెలుగువారు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి దానిని కనుగొనిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని ప్రపంచమంతటను ల్యాబులలో దశాబ్దములపాటు ఆ పేరు వినబడినది. సుబ్బారావుగారిని గూర్చి మన పాఠ్యపుస్తకములలో మందుల కథలే చెప్పుదురు గాని, ల్యాబు బల్లయొద్ద వారు చేసిన ఈ పనిని ఎందుచేతనో చెప్పరు.

ఆహారనిపుణురాలి సంగతి వినుడు. మేనత్తగారికి మొదట సలహా చెప్పినామె పట్టణమునుండి క్రొత్తగా వచ్చినది. పండ్లు తగ్గింపుమనెను, ఉప్పు తగ్గింపుమనెను, అచ్చువేసిన కాగితము నొకటి యిచ్చెను. మేనత్తగారు పండ్లు మానిరి. కొబ్బరినీళ్ళు మానలేదు. ఉద్దానములో కొబ్బరినీళ్ళు పండు కాదు, మందు కాదు, మంచినీరు వంటిది. దానిలో పొటాషియము మెండు. కొన్ని నెలలకు ఆమె స్థానమున వచ్చిన మఱియొకామె సోంపేట ప్రాంతపు పిల్ల. కూర్చుండగానే అడిగిన మొదటి ప్రశ్న: "మామ్మగారూ, బొండాలు తాగుతున్నారా?" మేనత్తగారు తెల్లబోయిరి. పిమ్మట ఆమె కూరముక్కలను నీళ్ళలో ఉడికించి ఆ నీరు వార్చి వండుకొను విధమును గూడ చెప్పినది. అట్లు చేసినచో పొటాషియము కొంత పోవును. మొదటియామె చదువు తక్కువది కాదు. ఊరు తెలియదు, అంతే.

ఈ పనికి ఆహారశాస్త్రములో డిగ్రీయు, మంచి ఉద్యోగమునకు ఆపై చదువును కావలెను. గృహవిజ్ఞానమనిన వంటయేయని నవ్వు మగపిల్లలు మా తరగతిలో కలరు. వారు ఆ బల్లయెదుట ఒక పూట కూర్చుండిన చాలును.

ఎక్స్‌రే గదిలోనికి మమ్ము రానీయలేదు, అది సరియే. 1895లో రంట్‌జెన్ ఆ కిరణములను కనుగొన్న క్రొత్తలో వాని హాని తెలియక, ఆ పని చేసినవారు పలువురు చేతివ్రేళ్ళను, కొందఱు ప్రాణములను పోగొట్టుకొనిరి. అందుచేతనే నేటి టెక్నీషియన్ సీసము కూర్చిన అంగీ తొడిగికొనును. ఎంత కిరణము తన శరీరమునకు సోకినదో కొలుచు చిన్న బిళ్ళను ఎదపై ధరించును. ఆ బిళ్ళను నియమిత కాలమున పరీక్షకు పంపుదురు. ఈ విద్యకు భౌతికశాస్త్రములో భయము లేనివారు తగుదురు.

ఫిజియోథెరపీని గూర్చి మన యిండ్లలో "కాళ్ళు చేతులు పిసుకుట" అను అభిప్రాయము కలదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1954 ప్రాంతమున జరిగిన ఒక కథను చెప్పినచో ఆ అభిప్రాయము తొలగవచ్చును. మేరీ వర్గీసు అను యువవైద్యురాలు ఆ యేడు మోటారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద చచ్చుబడిపోయినది. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే, కుష్ఠువ్యాధిచే వ్రేళ్ళు ముడుచుకొనిపోయినవారి చేతులకు శస్త్రచికిత్స చేయుట నేర్చినది. ఆ విద్యను అక్కడ నెలకొల్పినవారు పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యులు. ఒక స్నాయువును దాని చోటు నుండి తీసి మఱియొక వ్రేలికి కలిపినంత మాత్రమున ఆ వ్రేలు వంగదు. ఇదివఱకు వేఱొక పని చేసిన కండ ఇప్పుడు ఈ పని చేయవలెనని మెదడునకు నేర్పవలెను. వారముల తరబడి దగ్గఱ కూర్చుండి, "మఱల వంచుము, మఱల వంచుము" అని నేర్పువారు ఫిజియోథెరపిస్టులు. వారు లేనిచో ఆ శస్త్రచికిత్స వ్యర్థము. మేరీ వర్గీసుగారు పిమ్మట విదేశములలో ఈ పునరావాసవైద్యమును చదివి వచ్చి, వేలూరులో దానికొక శాఖను నడిపిరి. 1966లో అక్కడ పునరావాసకేంద్రము వెలసినది. 1972లో ఆమెకు పద్మశ్రీ యిచ్చిరి.

ఫిజియోథెరపీ డిగ్రీకి నాలుగున్నర నుండి ఐదేండ్లు పట్టును. దీనికి చెల్లెలివంటిది ఆక్యుపేషనల్ థెరపీ: పక్షవాతము వచ్చిన మనిషి మరల చొక్కా తొడిగికొనుట, అన్నము కలుపుకొనుట నేర్పు విద్య. కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేసి అమర్చు విద్య మూడవది. ఈ మూడింటికిని మన రాష్ట్రములోనే, కటకము జిల్లా ఓలట్‌పూరులో, స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ కలదు. కేంద్రప్రభుత్వపు సంస్థ, ప్రవేశపరీక్ష ద్వారమున చేర్చుకొందురు. మన వీధులనుండి రాత్రి రైలెక్కినచో తెల్లవాఱునప్పటికి కటకము చేరవచ్చును. ఐనను అక్కడికి దరఖాస్తు పంపిన పిల్లవాడు మా యెఱుకలో ఒక్కడే. వినికిడి, మాట లోపములను సవరించు విద్యకు మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పేరుమోసినది. కర్ణాటకములోని తెలుగు పిల్లలకు అది యింటి ముంగిటి వంటిది. కన్నుల విషయమున, చలనచిత్ర ప్రముఖులు ఎల్.వి. ప్రసాద్‌గారి పేర 1987లో హైదరాబాదులో వెలసిన నేత్రవైద్యసంస్థ శాఖ భువనేశ్వరములోను కలదు. కంటి పరీక్ష చేసి అద్దములు నిర్ణయించు ఆప్టోమెట్రీ డిగ్రీ, ఆసుపత్రి శిక్షణతో కలిపి, నాలుగేండ్లు.

ఇక చట్టము మాట. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టమును చేసినది. అందు ఈ విద్యలను 10 తరగతులుగా విభజించి 56 వృత్తులను పేర్కొనిరి. టెక్నీషియన్ మొదలగు పనులకు డిప్లొమా గాని డిగ్రీ గాని రెండు నుండి నాలుగేండ్ల కాలములో 2,000 గంటలకు తగ్గక ఉండవలెను. ఫిజియోథెరపీవంటి వృత్తులకు మూడు నుండి ఆఱేండ్ల కాలములో 3,600 గంటలకు తగ్గని డిగ్రీ కావలెను. ఈ గంటల లెక్కను తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలెను. ఎందులకో క్రింద చెప్పెదము. డయాలిసిసు, ల్యాబు, ఎక్స్‌రే, శస్త్రచికిత్సాగారపు సాంకేతికవిద్య మొదలగువానికి డిప్లొమా సాధారణముగా రెండేండ్లు. డిగ్రీయైనచో మూడేండ్ల చదువును, ఆపై ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణయు. ల్యాబు, ఎక్స్‌రే డిప్లొమాలు మన రాష్ట్రపు ప్రభుత్వ వైద్యకళాశాలలలోను కలవు. నర్సింగుకును, మందుల పంపిణీ చేయు ఫార్మసీకిని ఈ చట్టముతో పని లేదు. వానికి 1947, 1948 నాటి సొంత చట్టములు కలవు. ఫార్మసీ డిప్లొమా రెండేండ్లును, పిమ్మట 500 గంటల అనుభవశిక్షణయు. కాంపౌండరుగారి నిజమైన వారసులు వీరే.

గంటల లెక్క యెందులకనగా: మాకు తెలిసిన ఒక కుటుంబమువారు, తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి, కుమారుని ఒక సంస్థలో చేర్చిరి. ఊరు, పేరు చెప్పము. ఆఱు నెలలలో ల్యాబు టెక్నీషియన్ చేసెదమని గోడలనిండ ప్రకటనలు. రెండు గదులు, ఒక సూక్ష్మదర్శిని, ఆసుపత్రి లేదు. ఆఱు నెలలకు బంగారు అంచు గల సర్టిఫికెటు ఇచ్చిరి. దానిని తీసికొని ప్రభుత్వ ఉద్యోగమునకు పోగా, అది చెల్లదనిరి. ఆ బాలుడు తెలివిగలవాడు, కష్టపడినవాడు. తాడు ఇంకను విడిపింపబడలేదు. ఏ సంస్థలోనైనను రూపాయి కట్టుటకు ముందు అడుగవలసిన మాటలు పెద్దవేమియు కావు. మీ పరీక్షలు ఏ విశ్వవిద్యాలయము, లేక ఏ ప్రభుత్వ బోర్డు జరుపును? మా పిల్ల ఏ ఆసుపత్రిలో, రోగుల నడుమ, ఎన్ని గంటలు పని నేర్చును? మీయొద్ద చదివినవారు ఇప్పుడెక్కడ పని చేయుచున్నారు? మూడవ ప్రశ్నకు పేరులు చెప్పలేనివారి గుమ్మము దిగిపోవుటయే మేలు. ప్రవేశపు నియమములు ఏటేట మాఱుచుండును గనుక పాత ప్రకటనను నమ్ముకొనక, ఆ యేటి ప్రకటననే చూడవలెను.

కష్టములను దాచుట మా మతము కాదు. చిన్న ప్రైవేటు ఆసుపత్రులలో తొలి యేండ్ల జీతము మీ ఆశకు తగినట్లు ఉండదు. రాత్రిపనులు కలవు. రక్తముతో పని గనుక కామెర్ల వ్యాధి సోకు భయము కలదు; అందుకే చేరిన వెంటనే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు తీసికొనవలెను. పేరు మాత్రము డాక్టరుగారికే పోవును. డయాలిసిసు గదిలోని ఆ యువతిని ఈ విషయము మేమడిగితిమి. "పేరుకేముంది మాస్టారూ, మామ్మకి నా పేరు తెలుసు కదా" అని, సూది తీసిన చోట దూది అదిమి పట్టుకొని, గడియారము వైపు చూచినది. పది నిమిషములు అదిమిపట్టవలెనట. 2016లో పేదలకై ప్రధానమంత్రి జాతీయ డయాలిసిసు కార్యక్రమము మొదలైన నాటి నుండి జిల్లా ఆసుపత్రులలోను ఈ యంత్రములు వచ్చుటచే, ఆ విద్య నేర్చినవారి అవసరము పెరిగినది.

ఆడపిల్లల తండ్రులు రాత్రిపని యనగానే జంకుదురు. జంకుటలో తప్పు లేదు. కాని అడుగవలసినది పిల్లను కాదు, ఆసుపత్రిని. బండి పంపుదురా? విశ్రాంతిగది కలదా? ఈ ప్రశ్నలకు ఔనని చెప్పు ఆసుపత్రులు కలవు. ఆ యువతి తండ్రి చేనేతవాడు. మొదటి రెండు నెలలు తానే సైకిలుపై రాత్రి పదిగంటలకు వచ్చి ఆసుపత్రి గేటుకడ నిలిచెడివాడట. ఇప్పుడు రాడు. ఆమెయే స్కూటరు కొని ఆయనను సంతకు తీసికొనిపోవుచున్నది.

ఇంగ్లీషు భయమును గూర్చి ఒక మాట. "ప్లస్ టూలో మొదటి ఆర్నెల్లు ఏడ్చానండి మాస్టారూ. తర్వాత చూస్తే ఇంగ్లీషు మీడియం వాళ్ళు కూడా ఏడుస్తూనే ఉన్నారు" అని ఆమెయే చెప్పినది. నిజమే. వైద్యపదములు ఇంగ్లీషువి కావు. గ్రీకు, లాటిను భాషలవి. నెఫ్రో యనగా మూత్రపిండము, హీమో యనగా రక్తము, ఐటిస్ యనగా వాపు. ఇట్టి ముక్కలు ఏబది నేర్చినచో ఐదువందల పదములు వాని యంతట విడివడును. ఈ ముక్కలు కటకములోని పిల్లకును క్రొత్తవే, లండనులోని పిల్లకును క్రొత్తవే. మఱియొక సౌకర్యము మనకు కలదు. తెలుగు పుస్తకములో ధమని, సిర, రక్తము, వృక్కము అని చదివిన పిల్ల ఒడియా పుస్తకము తెఱచినచో ఆ మాటలే ఇంచుమించు అట్లే కనబడును. రెండు భాషలును ఒకే సంస్కృతపు కొట్టునుండి తెచ్చుకొన్నవి గదా.

ఇంతకును అసలు తలుపు ఎక్కడ కలదో చెప్పవలెను. అది పండ్రెండవ తరగతి తరువాత లేదు. పది ముగిసిన వేసవిలో కలదు. ఈ విద్యలలో దాదాపు అన్నింటికిని ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండవలెను. "సైన్సు ఖర్చు, ట్యూషను ఖర్చు, డాక్టరు సీటు ఎటులైనను రాదు" అని లెక్క వేసి ఆర్ట్సు వ్రాయించిన నాడు, ఆ యింటివారు డాక్టరు తలుపును మాత్రమే మూసితిమనుకొందురు. దానితోపాటు పదుల తలుపులు మూయబడుచున్నవని వారికి తెలియదు. గణితముననే ప్రీతిగలవారికి ఎక్స్‌రే సంబంధమైన కొన్ని కోర్సులలో ప్రవేశము కలదు గాని, అది ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క రీతిగా నుండును.

కావున స్యామ్స్ దరఖాస్తు నింపుటకు ముందు తల్లిదండ్రులు పిల్లలతో కూడ ఒకమారు మా సైన్సు గదికి రావలెనని కోరుచున్నాము. ఓలట్‌పూరు, మైసూరు సంస్థల ప్రకటనలను అక్కడ అట్టకు అంటించియుంచితిమి. ఆ యువతి ఒక ఆదివారము వచ్చి వ్రాసియిచ్చిన పట్టిక గూడ గోడపై కలదు: ఎడమవైపు రోగులు చెప్పు తెలుగు మాటలు, నడుమ ఒడియా, కుడివైపు ఇంగ్లీషు. నీరసము, ఆయాసము, గుండెదడ, కాళ్ళు పట్టివేయుట, కళ్ళు చీకట్లు క్రమ్ముట. "తల తిరుగుట" అను వరుసలో ఒడియా గడికి ఎదురుగ ఎఱ్ఱసిరాతో ఒక చుక్కగుర్తు పెట్టియున్నది. అది యెందులకో ఇంటివద్ద మామ్మగారిని అడుగుడు.